కుడి లైటు లేవని ఎర్ర కారు

మాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. డోన్‌లో కర్నూలు వైపు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. బోర్లలో కాలిపోయిన మోటార్లు, మిక్సీలు, సీలింగ్ ఫ్యాన్లు, ఎండాకాలమైతే కూలర్లు మా దగ్గరికి వస్తుంటాయి. కార్లు రావు. అందుకే పోయిన చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం రెండు సీట్ల ఎర్ర కారు వచ్చి మా మెట్ల ముందు ఆగేసరికి చుట్టుపక్కల అంగళ్లవాళ్లంతా బయటికొచ్చారు.

ఆ కారుకు ముందు లైట్లు బానెట్‌లో దాక్కుని ఉంటాయి. స్విచ్ నొక్కితే మూత ఎత్తుకుని పైకి లేస్తాయి, ఆపితే మళ్లీ లోపలికి పడుకుంటాయి. ఆ రోజు ఎడమ లైటు పైకి లేచి ఉంది. కుడిది మూసుకునే ఉంది.

"ఏంది, పట్టపగలు కన్ను కొడతాండాది కారు!" అన్నాడు ఎదురుగా టీ అంగడి ఆయన. అందరూ నవ్వారు.

కారులోంచి దిగిన పెద్దాయన్ని చూడగానే గుర్తుపట్టాను. ఆయనకు బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నడకలో మాత్రం అప్పటి దూకుడే.

"భాయ్ యాడమ్మా?" అన్నాడు మెట్లు ఎక్కుతూనే.

"ఇంటికాడ ఉండాడన్నా. ఈ మధ్య అంగడికి రాల్లేదు" అన్నాను.

అంతకంటే వివరంగా చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. మా ఆయనకు రెండేళ్ల కింద చేతుల వణుకు మొదలైంది. కర్నూలులో డాక్టరు మాత్రలు రాసిచ్చాడు, వణుకు కొంత తగ్గింది, పోలేదు. వెంట్రుకంత సన్నని రాగి తీగతో చేసే పని మాది. ఒక రోజు మామూలు సీలింగ్ ఫ్యానుకు చుట్టు వేస్తూ మూడుసార్లు తీగ తెంపాడు. నాలుగోసారి తెగినప్పుడు లేచి, చేతులు తుడుచుకుని, "రేపట్నించి నువ్వే సూసుకో" అని ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ షాపు మెట్టెక్కలేదు. నేనూ బలవంతం చేయలేదు. పని ఎలాగూ ఇద్దరికీ వచ్చు కాబట్టి షాపు మూయాల్సిన అవసరం రాలేదు.

పెద్దాయన కాసేపు కారు వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. "ఆదివారం నేనూ మా ఇంటామె గండికోటకు పోదామనుకున్నాం. పొద్దు గూకేదాకా ఆడనే ఉండాలంట ఆమెకు. ఒంటి లైటుతో తిరిగి యట్లొచ్చేది? ఇది మళ్లా భాయే సెయ్యాల."

"నేను సూస్తానన్నా. కాకపోతే అప్పుడు సూద్దాం."

ఆయన తాళం చెవి నా చేతిలో పెట్టాడు గానీ, వెంటనే వదల్లేదు.

ఆ 'మళ్లా' అన్న మాట దగ్గర కొంచెం వెనక్కి పోవాలి. మా అత్తగారింటివాళ్లు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. నాకు పెళ్లయ్యేనాటికి ఇదే షాపులో సగం మా మామది, సగం మా ఆయనది. ఒక పక్క తెల్లగా దూది కుప్ప, ఇంకో పక్క ఎర్రగా రాగి తీగ కండెలు. నేను కొత్త కోడలిని. మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చి ఇచ్చి పోవడం నా పని. అలా వచ్చిన ఒక రోజు మా ఆయన చేతిలో గుప్పెడంత మోటారు ఉంది. ఈ కారుదే, కుడి లైటుదే. పెద్దాయన అప్పుడు నడి వయసులో ఉన్నాడు. బెంగుళూరులో ఎవరో విదేశం నుంచి తెప్పించుకున్న కారును ఆయన కొనుక్కొచ్చి నెల కూడా కాలేదు, మోటారు కాలిపోయింది. దాని విడిభాగాలు ఈ దేశంలోనే దొరకవన్నారట.

మా ఆయన కాలిన తీగను ఒక్కో చుట్టూ విప్పుతూ లెక్కపెడుతున్నాడు. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు ఉన్నాయో, తిరిగి అన్నే చుట్టాలి. ఎవరో రైతు వచ్చి తన మోటారు సంగతి అడగడంతో లెక్క తప్పింది. రెండోసారి కూడా అలాగే అయ్యింది. అప్పుడు నా వైపు చూసి, "ఏమే, నీకు లెక్కలొస్తాయి కదా, ఈడ కూసో" అన్నాడు. ఇంటర్ దాకా చదివాను మరి. పరుపు మీద కూర్చుని, ఆయన విప్పుతుంటే లెక్కపెట్టాను, కొత్త తీగ చుడుతుంటే లెక్కపెట్టాను. పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాం. అన్నం తినడం ఇద్దరం మరిచిపోయాం. కొసలు బిగించడానికి ఆయన దగ్గర టేపు అయిపోతే మా మామ పరుపులు కుట్టే మైనపు దారం తెంపి ఇచ్చాడు.

మోటారు బిగించి స్విచ్ నొక్కగానే రెండు లైట్లూ ఒక్కసారి లేచాయి. వీధిలో జనం చప్పట్లు కొట్టారు. నేను దూది కుప్ప వెనక్కి పోయి నవ్వుకున్నాను. మా అత్త మాత్రం, "అన్నం తెచ్చిన పిల్లను పనిలో కూసోబెట్టినావా" అని కొడుకును తిట్టింది. ఆ మర్నాటి నుంచి ఆయన నన్ను ఏదో ఒక సాకుతో కూర్చోబెట్టుకుంటూనే ఉన్నాడు. అలా వచ్చింది నాకు ఈ పని.

ఇప్పుడు మా మామ లేడు, దూది లేదు, షాపు అంతా వైండింగే. అదే కారు, అదే కుడి లైటు.

పెద్దాయన బేతంచెర్ల బస్సెక్కి వెళ్లిపోయాక బానెట్ ఎత్తాను. ముందు ఫ్యూజులు చూశాను, బాగున్నాయి. టీ అంగడి ఆయన్ని పిలిచి స్విచ్ నొక్కమన్నాను. నొక్కినప్పుడల్లా లోపల మోటారుకు కరెంటు వదిలే రిలే టక్కుమంటోంది. అయినా నమ్మకం లేక ఎడమ రిలే తీసి కుడిదాంట్లో, కుడిది ఎడమదాంట్లో పెట్టి చూశాను. తేడా లేదు, ఎడమది లేస్తోంది, కుడిది కదలడం లేదు. మోటారు వెనక రబ్బరు మూత కింద చిన్న నాబు ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పితే లైటు నెమ్మదిగా పైకొచ్చింది. అంటే పళ్ల చక్రాలూ, లైటును ఎత్తే కడ్డీలూ బాగున్నట్టే. చివరికి మోటారు తీగలు ఊడదీసి నేరుగా బ్యాటరీకి తగిలించాను. ఉలుకూ పలుకూ లేదు. చిన్న గుయ్‌మన్న చప్పుడు కూడా రాలేదు.

జబ్బు మోటారులోనే ఉందని తేలాక నాకు ధైర్యం వచ్చింది. మోటారు నాకు తెలిసిన వస్తువు.

విప్పి చూస్తే లోపల బండల దుమ్ము. బేతంచెర్లలో బండలు పాలిష్ చేసేటప్పుడు లేచే తెల్లపొడి ఏళ్ల తరబడి సందుల్లోంచి దూరి, గ్రీజుతో కలిసి, సిమెంటులా గట్టిపడింది. తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు ఆ పొడిలో ఇరుక్కుని కదలడం లేదు. ఒకటి సగానికి పైగా అరిగిపోయింది కూడా. సన్న స్క్రూడ్రైవరుతో గీకి, పెట్రోలుతో కడిగి, గుడ్డతో తుడిచాను. ఆ నల్లటి మడ్డి పోయేసరికి లోపలి చుట్లు బయటపడ్డాయి.

చుట్టు మీద చుట్టు, ఎక్కడా ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా, దువ్వినట్టు పరిచిన రాగి. కొసన పరుపు దారం, మా మామ నేర్పిన ముడి. దారం రంగు మారింది గానీ ముడి సడలలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రెండేళ్లుగా నేను వణికే చేతుల్ని మాత్రమే చూస్తున్నాను. అవి ఒకప్పుడు ఇలాంటి పని చేశాయని మరిచిపోయాను. అది తలచుకుంటే సిగ్గేసింది.

మర్నాడు ఒక పాత మిక్సీ కార్బన్లను ఆకురాయితో అరగదీసి, సరైన కొలతకు తెచ్చి పెట్టాను. బల్ల మీద బ్యాటరీకి తగిలిస్తే మోటారు గిర్రున తిరిగింది. సంతోషంగా తీసుకెళ్లి కారులో బిగించాను. స్విచ్ నొక్కితే కుడి లైటు సగం దాకా ఈడ్చుకుంటూ లేచి, మూలిగి, ఆగిపోయింది.

మళ్లీ విప్పాను. బల్ల మీద గిర్రున తిరుగుతోంది. కారులో పెడితే మూలుగుతోంది. గ్రీజు మార్చాను, మళ్లీ అంతే. తీగల్లో కరెంటు వస్తోందా అని టెస్ట్ లాంపు పెట్టి చూస్తే బల్బు బాగానే వెలుగుతోంది. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాను. సాయంత్రానికి ఒకే ఒక అనుమానం మిగిలింది. పాత చుట్లు లోపల ఎక్కడో కాలి, బరువు పడేసరికి చేతులెత్తేస్తున్నాయేమో. అదే నిజమైతే ఆ తీగ మొత్తం విప్పి కొత్తది చుట్టాలి. ఆ పరుపు దారాన్ని కత్తిరించాలి.

షాపు మూసి ఇంటికి వెళ్లాను. మా ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకోవడం ఈ మధ్య ఆయనకు అలవాటైంది. టీ ఇచ్చి, పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పాను. ఎర్ర కారు అనగానే ముఖం వెలిగింది. పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగాడు. నేను చుట్టు విప్పాల్సి వస్తుందేమో అన్నాక ఆ వెలుగు కాస్తా పోయింది.

"నేనేసిన చుట్టు పోదు" అన్నాడు.

"ఎన్నేండ్లయింది? రాయి కూడా అరుగుతాది."

"పోదంటే పోదు. దాంట్లో తప్పేమన్నా ఉంటే అది నీదే."

"నాదా? నేనేం సేసినా?"

"లెక్క తప్పినావు. ఒక గాడిలో రెండు చుట్లు తక్కువ పడినాయి."

ఇన్నేళ్లూ ఆ లెక్క తప్పలేదనే అనుకుంటున్నాను. పిల్లలకు కూడా గొప్పగా చెప్పాను.

"మరి ఆ పొద్దే యందుకు సెప్పలేదు?"

"రెండు చుట్లకు మోటారుకేం కాదు. సెప్తే నువ్వు మళ్లా వచ్చి కూసుంటావో లేదోనని సెప్పలేదు." అంతవరకు గొంతు పెంచి మాట్లాడుతున్నవాడు అక్కడ తగ్గాడు. తర్వాత మళ్లీ కోపం తెచ్చుకుని, "రేప్పొద్దున నేనొస్తా. నా చుట్టు మీద కత్తెర పెట్టొద్దు" అన్నాడు.

కోపంలోనైనా వస్తానన్నాడు. నేను ఇంకేమీ మాట్లాడకుండా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను. మాట్లాడితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయం.

పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని తయారయ్యాడు. ఆటోలో వెళ్లాం. కారు సంగతి చూసుకుందామని వచ్చి పెద్దాయన అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన్ని చూసి లేచి, రెండు చేతులూ పట్టుకుని, "ఏం భాయ్, ఇట్లయినావే" అన్నాడు. ఆ చేతుల్లో వణుకు ఆయన చేతులకు తెలిసే ఉంటుంది. కాసేపు పట్టుకుని ఉండి, వదిలి, "సూడప్పా, నీ మోటారు మొరాయిస్తాండాది" అన్నాడు.

మా ఆయన కారు ముందు స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, "నొక్కు" అన్నాడు. నేను లోపల కూర్చుని స్విచ్ నొక్కాను. లైటు సగం లేచి మూలిగింది.

"ఎడమది ఊడదీసి కుడిదొకటే నొక్కు."

నొక్కాను. అదే మూలుగు.

"మోటారుకు బలముండాది. తిండి సాల్లేదు" అన్నాడు. చెయ్యి చాపి, మోటారు నుంచి కారు ఒంట్లోకి పోయే నల్ల తీగను వేళ్లతో పట్టుకున్నాడు. ఇంకోసారి నొక్కమన్నాడు. "వేడెక్కతాండాది. ఏమే, ఒక తీగ తీసుకుని దీని కొసనూ బ్యాటరీ మైనస్‌నూ కలుపు."

కలిపాను. ఈసారి స్విచ్ నొక్కగానే కుడి లైటు టప్పున లేచి నిలబడింది. టీ అంగడి ఆయన "ఓయమ్మ!" అని వెనక్కి దూకాడు.

అప్పటికి గానీ నాకు బుర్ర వెలగలేదు. మేం రోజూ చూసే పంపు మోటార్లలో కరెంటు తీగలోంచి వచ్చి తీగలోంచే పోతుంది. కారులో అలా కాదు. తిరిగి బ్యాటరీకి చేరడానికి కారు ఇనుప ఒళ్లే దారి. ఆ నల్ల తీగను ఒంటికి బిగించిన బోల్టు దగ్గర తుప్పు పట్టింది, పైన బండల పొడి గట్టిపడింది. టెస్ట్ లాంపుకు కావలసిన కాస్త కరెంటు ఆ తుప్పులోంచి పోగలిగింది. లైటును ఎత్తే మోటారుకు కావలసినంత పోలేకపోయింది. చూడాల్సిన చోట చూడకుండా నేను మోటారును అనుమానించాను.

"సెప్పినానా?" అన్నాడు మా ఆయన పెద్దాయనతో. నాతో అనలేదు.

బోల్టు విప్పి, ఆ చోటంతా గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాను. తీగ కొస కత్తిరించి కొత్త కొస కట్టాను. బోల్టు పెట్టి బిగించబోతుంటే మా ఆయన స్పానరు కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను.

స్పానరు బోల్టు తలకు తగలక ఇనుము మీద టకటకమని కొట్టుకుంది. ఒకసారి జారి కింద పడింది. ఎత్తి ఇచ్చాను. మళ్లీ పడింది. పెద్దాయన రోడ్డు మీద పోయే లారీల్ని చూస్తున్నట్టు అటు తిరిగాడు. నా చెయ్యి రెండుసార్లు ముందుకు పోయింది, వెనక్కి తీసుకున్నాను. మా ఆయన మోచేతిని మడ్‌గార్డ్ అంచుకు ఆనించి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పావు పావు చుట్టుగా బిగించడం మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. చలికాలం పొద్దు అది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను, అప్పుడు మాత్రం చాలాసేపు అనిపించింది. బిగించడం అయ్యాక స్పానరు నాకు ఇచ్చేసి, చేతుల్ని తొడల కిందికి కాకుండా మోకాళ్ల మీదే పెట్టుకున్నాడు.

రెండు లైట్లూ లేచాయి, పడుకున్నాయి. పదిసార్లు నొక్కి చూశాం.

సాయంత్రం దాకా పెద్దాయన కదల్లేదు. ఇద్దరూ పాత సంగతులు చెప్పుకుంటూ కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా ఆయన తాళం చెవి తీసి మా ఆయనకు ఇచ్చాడు. "ఒక రౌండు పోయిరాండి భాయ్. కారు కొన్నప్పటి నుంచి నిన్నొకసారి ఎక్కించాలనుకుంటాండా, ఎప్పుడూ ఎక్కించలేదు."

"నా సేతులతో ఏం నడుపుతా? ఆమె నడుపుతాది" అన్నాడు మా ఆయన మామూలుగా.

బోర్ల దగ్గరి నుంచి మోటార్లు తెచ్చే మా ట్రాలీ బండిని నేనే నడుపుతాను. కానీ ఇంత కిందికి కూర్చుని బండి నడపడం ఎప్పుడూ ఎరగను. రోడ్డు మీద కూర్చున్నట్టే ఉంది. కొంగు బిగించి బేతంచెర్ల రోడ్డు పట్టాను. చీకటి పడుతోంది. మా ఆయన స్విచ్ మీద వేలు పెట్టాడు. లైట్లు లేచాయి. ఆపాడు, మళ్లీ నొక్కాడు. ఎదురొచ్చే మోటారు సైకిళ్లవాళ్లు వేగం తగ్గించి చూశారు. మేకలు తోలుకుపోతున్న ఒకామె నవ్వుతూ మాకు చెయ్యెత్తింది.

"సాలు, మళ్లా సెడిపోతాది" అన్నాను.

"సెడిపోతే మనమే కదా సేసేది" అన్నాడు.

కొంతదూరం పోయాక టీ హోటల్ దగ్గర ఆపాను. పక్కనే బండలు ఎక్కించుకున్న లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. డ్రైవరు గ్లాసుతో మా కారు చుట్టూ తిరుగుతున్నాడు. మా ఆయన టీ తీసుకోలేదు. తల ఒక పక్కకు వంచి లారీ వైపే వింటున్నాడు.

"అప్పా, నీ డైనమో బేరింగు పోతాండాది. ఆ గరగర ఇనపడల్లేదా?" అన్నాడు డ్రైవరుతో.

"నాకేం ఇనపడల్లేదే."

"ఇంజను ఆపి, బెల్టు తీసి, చేత్తో తిప్పి సూడు."

డ్రైవరు నమ్మీ నమ్మనట్టు వెళ్లి ఇంజను ఆపాడు. కాసేపటికి బానెట్ కింది నుంచి తల బయటపెట్టి, "అవునప్పా, ఊగుతాండాది! యాడ మీ అంగడి?" అని అరిచాడు.

మా ఆయన డోన్‌లో ఎక్కడుందో దారి చెప్పాడు. పొద్దున తొమ్మిదింటికి తెరుస్తామన్నాడు. తెరిచేది ఎప్పుడూ ఎనిమిదింటికే. రెండేళ్లలో ఆ సంగతి మరిచిపోయాడు. నేను సరిదిద్దలేదు, మర్నాడు ఇద్దరం తొమ్మిదింటికే వెళ్లి తెరిచాం.